ఒరులకు దారి చూపు విద్య

గణితము నేర్పుటకు గణితము చదివినవారినే మన పాఠశాలలో నియమింతురు. ఈత రానివానిని పిలిచి పిల్లలకు ఈత నేర్పుమని యెవరును చెప్పరు. చుక్కాని పట్ట నెరుగనివానికి వరదనాటి గోదావరిలో పడవ నప్పగింపరు. కాని యొక మనుష్యుని యంతరాత్మకు దారి చూపవలసి వచ్చినప్పుడు మాత్రము ఏ శిక్షణయు, ఏ యభ్యాసమును లేకయే ప్రతివాడును ముందునకు వచ్చుచున్నాడు. బైబిలులో నాలుగు వచనములు కంఠస్థము చేసి, గొంతెత్తి ప్రార్థింప నేర్చినచో చాలును. అట్టివాడు పదిమందికి ఆత్మీయమైన సలహాల నొసంగుట కర్హుడని మన సంఘములలో ననేకులు తలచుచున్నారు. ఇది సరిగాదని మా యభిప్రాయము. ఆ యభిప్రాయమునకు గల కారణములను ఈ సంచికలో మా విద్యార్థుల యెదుటను, వారి తలిదండ్రుల యెదుటను ఉంచగోరుచున్నాము.

ఈ మాట క్రొత్తది గాదు. రోమాపురి బిషప్పగు గొప్ప గ్రెగోరీ 590వ సంవత్సర ప్రాంతమున సంఘకాపరుల విధులను గూర్చి యొక గ్రంథము వ్రాసెను. ఏ విద్యనైనను ముందుగా నేర్చుకొనక నేర్పబూనుట సాహసమనియు, ఓషధుల గుణము లెరుగనివాడు దేహమునకు వైద్యుడనని చెప్పుకొనుటకు వెరచునుగాని ఆత్మల స్థితి యెరుగనివాడు ఆత్మవైద్యుడనని చెప్పుకొనుటకు వెరవడనియు ఆయన యందు వాపోయెను. అప్పటినుండి పదునాలుగు వందల యేండ్లకు పైగా గడచినవి. ఆయన ఫిర్యాదు మాత్రము పాతబడలేదు.

ముందుగా మార్గదర్శి యనగా నెవడో చెప్పుకొందము. ప్రసంగి పెక్కండ్రతో మాటలాడును. మార్గదర్శి యొక్కనితో గూర్చుండును. ఉపాధ్యాయుడు తానెరిగినదానిని బోధించును. మార్గదర్శి తన యెదుట నున్నవానిలో దేవుడేమి చేయుచున్నాడో కనుగొనుటకు వానికి సాయపడును. న్యాయాధిపతి తీర్పు చెప్పును. మార్గదర్శికి తీర్పు చెప్పు నధికారము లేదు. దొడ్డిలో పొట్లపాదునకు పందిరి వేయుట మనమందర మెరుగుదుము. తీగకు ప్రాణమిచ్చునది పందిరి కాదు. వేరును, నీరును, ఎండయును. పందిరి చేయు పని యొక్కటే: తీగ నేలబడి కుళ్లిపోకుండ నిలుపుట. కాయ వంకర పోకుండ దాని కొనకు చిన్నరాయి కట్టుదురు. ఆ రాయి బరువెక్కువయ్యెనా, కాయ తెగి క్రిందపడును. ఒరులకు దారి చూపువాడు తన దినచర్యయందు ఈ రెంటిని మరువరాదు. తాను వేరు కాడు, పందిరి మాత్రమే. తాను కట్టు రాయి కాయ మోయగలిగినంతదే కావలెను.

ఇందుకు రెండు విధములైన యాక్షేపణలు వినబడుచున్నవి. ఇది పాదిరిగార్ల పని గాని మన పని గాదని కొందరందురు. అట్లనువారు వసతిగృహముల సంగతి యెరుగరు. రాత్రి దీపము లార్పినపిమ్మట ఆరవ తరగతి పిల్లవాడు దుప్పటి ముసుగు పెట్టుకొని యేడ్చుచుండగా పాదిరిగారి యింటి తలుపు తట్టబోడు. ప్రక్కచాప మీద బరుండిన పదవ తరగతి వానినే యడుగును. ఆ క్షణమున ఆ పదవ తరగతి బాలుడు తన కిష్టమున్నను లేకున్నను మార్గదర్శియే. మరికొందరు, ఇది పరిశుద్ధాత్మ యొసంగు వరము గావున నేర్చుకొనిన వచ్చునది కాదందురు. వరమనుట నిజమే. కాని పాడు కంఠము కూడ వరమే గదా. కంఠమున్నదని శ్రుతి, తాళము నేర్వనివానిని క్రిస్మసు గానబృందమున నెవరు నిలుపుదురు? వరము పొందినవాడు నేర్చుకొనవలసిన పని లేదనుట వరమిచ్చినవానిని గౌరవించుట కాదు.

ఈ విద్యకు బైబిలులో మాకు మిక్కిలి ప్రియమైన పాఠము ఏలీ, సమూయేలుల వృత్తాంతము. షిలోహు మందిరములో రాత్రివేళ బాలుడైన సమూయేలును ఎవరో పేరుపెట్టి పిలిచిరి. వాడు ఏలీయే పిలిచెనని తలచి పరుగెత్తుకొని పోయెను. తాను పిలువలేదని, పోయి పండుకొనుమని ఆ వృద్ధుడు చెప్పెను. ఇట్లు మూడు మారులు జరిగినపిమ్మట బాలుని పిలుచుచున్నవాడు యెహోవాయని ఏలీ గ్రహించెను. అప్పు డాయన చేసిన పనిని శ్రద్ధగా గమనింపుడు. ఆ స్వరము తనదని చెప్పుకొనలేదు. బాలునితో గూడ తానును పోయి ఆ మాటలు వినగోరలేదు. పెద్ద ప్రసంగము చేయలేదు. మరల పిలుపు వచ్చినప్పుడు ఏమని యుత్తరమియ్యవలెనో ఒక్క చిన్నమాటలో నేర్పి, వానిని వాని స్థలమునకే పంపివేసెను.

మరునాటి యుదయమున జరిగినది యింకను గొప్పది. రాత్రి సమూయేలు వినిన వర్తమానము ఏలీ కుటుంబమునకు వచ్చు శిక్షను గూర్చినది. బాలుడు చెప్పుటకు భయపడెను. ఏలీ యొక్కమాటయు దాచవలదని వానిని బలవంతపెట్టి, తనకు విరుద్ధమైన ఆ వర్తమానమును విని, తలవంచి యంగీకరించెను. ఏలీ నిష్కళంకుడైన గురువు కాడు. ఆయన కన్నులు మందగించెను. తన కుమారుల దుర్మార్గమును ఆయన యడ్డలేకపోయెను. అయినను శిష్యుడు తనకంటె స్పష్టముగ వినునని తెలిసినప్పుడు ఆయన యసూయపడలేదు. మనము పరిపూర్ణులమైన పిమ్మటనే యొరులకు సాయపడవలెనన్న ఎవరికిని సాయము లభింపదు. కాని మన లోపము మన మెరిగియుండవలెను. మార్గదర్శకత్వమున మొదటి పాఠ మిదియే: పిలుపు నాది కాదు; పిలువబడినవాడు నావాడు కాడు.

ఈ పాఠమును మేము పుస్తకములలో జదివితిమేగాని చాలకాలము నేర్చుకొనలేదు. కొన్ని యేండ్ల క్రిందట వేరొక యూర నొక వసతిగృహమునకు మేము పైవిచారణ చేయుచున్న దినములలో, సాయంకాల ప్రార్థన ముగిసినపిమ్మట ఎనిమిదవ తరగతి బాలుడొకడు మా గది గుమ్మమున నిలుచుండెను. మే మప్పుడు పరీక్షపత్రములు దిద్దుచుంటిమి. “అయ్యగారూ, నాకు ప్రార్థన రావడం లేదండి” అని వాడనెను. మేము కలము క్రింద పెట్టకయే, అది విశ్వాసలోపమని చెప్పి, వేకువను అరగంట ముందుగా లెమ్మని, ఫలానా కీర్తన చదువుమని విధించి, రెండు నిమిషములు ప్రార్థించి పంపివేసితిమి. “చిత్తమండి” అని వాడు వెడలిపోయెను. మంచి సలహా చెప్పితిమని సంతోషించి మేము మరల పత్రములు దిద్దుకొంటిమి.

నెల దినములైన పిమ్మట వాని తండ్రి వచ్చినప్పుడు గాని మాకు సంగతి తెలియలేదు. వేసవి సెలవులలో వాని చెల్లెలు జ్వరముతో మరణించెనట. ఆ పిల్ల బ్రతుకవలెనని వాడు మూడు రాత్రులు మోకాళ్లమీద నుండెనట. అప్పటినుండి వానికి నోట ప్రార్థన రాలేదు. మా గుమ్మమున నిలిచి వాడు చెప్పిన ఆ యొక్క వాక్యము వెనుక ఇంత యుండెను. “ఎప్పటినుండి, నాయనా?” అని మేమొక్క ప్రశ్న వేసియున్నచో వాడు సమస్తమును చెప్పియుండును. మేమడుగలేదు. వాడు మరల మా గుమ్మము త్రొక్కలేదు. మేము చెప్పిన కీర్తన మంచిదే. విధించిన నియమము మంచిదే. తప్పు వానిలో లేదు. రోగి నాడి చూడకయే మందిచ్చితిమి. అదియే మా యపరాధము. ఈ వ్యాసమును వ్రాయుటకు మాకు గల యర్హత ఆ యపరాధము మేము మరువకుండుట మాత్రమే.

యోబు మిత్రుల సంగతి యీ సందర్భమున స్మరణకు వచ్చును. వారు దూరదేశములనుండి వచ్చి, మిత్రుని దుఃఖము చూచి, ఏడు పగళ్లును ఏడు రాత్రులును నేలమీద గూర్చుండి యొక్క మాటయు పలుకలేదు. వారు చేసిన సేవ యంతయు నా యేడు దినములలోనే జరిగినది. నోరు తెరచిన పిమ్మట వారు చెప్పిన సిద్ధాంతములలో ననేకము విడిగా చూచిన నిజములే. కాని యోబునకు వర్తింపని నిజములు. తుదకు దేవుడు వారిమీద కోపించి, వారికొరకు యోబే ప్రార్థింపవలెనని యాజ్ఞాపించెను. మంచిమాటయైనను చోటు తప్పినచో అబద్ధమంత పని చేయునని దీనివలన దెలియుచున్నది.

ఇంకొక దారిని చూడుడు. యెరూషలేమునకు ఆమడదూరమున నున్న ఎమ్మాయునకు ఇద్దరు శిష్యులు దిగులుతో నడచిపోవుచుండిరి. పునరుత్థానుడైన ప్రభువు వారితో గలిసి నడచెను. ఆయన కెరుకపడని సంగతి లేదు. అయినను మీరు మాటలాడుకొనుచున్న సంగతు లేమని ముందుగా నడిగెను. వారి యాశాభంగ మంతయు వారి నోటనే చెప్పించెను. వారు చెప్పుట ముగించిన పిమ్మటనే లేఖనములు విప్పెను. ఊరు సమీపించినప్పుడు ఇంకను ముందునకు పోవువానివలె నగపడెనేగాని వారి యింట బలవంతముగ జొరబడలేదు. వారు బ్రతిమాలగా లోపలికి వెళ్లెను. వారు తన్ను గుర్తుపట్టిన వెంటనే యదృశ్యుడయ్యెను. కలిసి నడచుట, అడుగుట, వినుట, పిమ్మట చెప్పుట, పిలువనిదే లోపలికి పోకుండుట, పని ముగిసినతోడనే తొలగుట. మార్గదర్శి నేర్వవలసిన పాఠక్రమమంతయు నా యామడ దూరములోనే యున్నది.

వినుట యొక్కటియే చాలునా? చాలదు. వినినదానిని వివేచించుట రావలెను. ఈ వివేచన యెట్లు నేర్వబడునో తెలిసికొనుటకు స్పెయిను దేశస్థుడగు లొయోలా ఇగ్నేషియస్ చరిత్ర మిగుల నుపకరించును. ఆయన రోమను కతోలిక సంఘమువాడు. మాలో బలువురము ఆ సంఘమునకు జెందినవారము కాము. అయినను మంచి విత్తనము ఏ పొలమున బండినను విత్తనమే. విజయవాడలోని ఆంధ్ర లొయోలా కళాశాల పేరు వినినవారికి ఆయన పేరు క్రొత్త గాదు.

ఇగ్నేషియస్ యౌవనమున సైనికుడు. 1521లో పాంప్లోనా కోట ముట్టడిలో ఫిరంగిగుండు తగిలి కాలు విరిగి, నెలల తరబడి మంచము పట్టెను. పొద్దుపోవుటకు వీరుల కథలు తెమ్మనగా ఆ యింట నవి దొరకలేదు. క్రీస్తు చరిత్రయు, భక్తుల చరిత్రయు మాత్రమే దొరికినవి. ఆయన కొంతసేపు రాజాస్థానములలో తాను చేయబోవు ఘనకార్యములను, కొంతసేపు భక్తులవలె తాను జీవించుటను ఊహించుకొనుచుండెడివాడు. రెండు నూహలును ఆ సమయమున మధురముగనే యుండెను. కాని మొదటి యూహ తీరిన పిమ్మట మనస్సు ఎండిన చెరువువలె నుండుటయు, రెండవది తీరిన పిమ్మటను సంతోషము నిలిచియుండుటయు ఒకనాడు గమనించెను. తన మనస్సున పుట్టిన తలంపు ఎచ్చటినుండి వచ్చుచున్నదో, ఎచ్చటికి దీసికొనిపోవుచున్నదో పరిశీలించుట అంతటితో నారంభమయ్యెను. పిమ్మట మన్రేసా యను నూర నుండగా, 1522లో, తన పాపములు క్షమింపబడలేదను శంకతో ప్రాణము విసిగి, ఆ శంకయే తన్ను చెరచుచున్నదని మెల్లగా గ్రహించెను. ఒరులకు చూపిన దారిని ఆయన ముందు తన పాదములతో నడచెను.

మా విద్యార్థు లీ క్రింది సంగతిని ప్రత్యేకముగ జ్ఞాపకముంచుకొనవలెను. ఒరులకు సాయపడవలెనన్న చదువు కావలెనని తోచి, ముప్పదిమూడేండ్ల ప్రాయమున బార్సిలోనా నగరములో చిన్నపిల్లల సరసను బల్లమీద గూర్చుండి ఆయన లాటిను వ్యాకరణము నేర్చుకొనెను. ఆయన రచించిన ఆత్మీయాభ్యాసముల గ్రంథమును 1548లో పోపు మూడవ పాలు ఆమోదించెను. అందు గురువునకు జేసిన హెచ్చరికల సారాంశమిది: పాఠభాగమును క్లుప్తముగ జెప్పి విడువవలెను, శిష్యుడు తానై కనుగొనిన కొంచెమే గురువు చెప్పిన విస్తారముకంటె వాని కెక్కువ రుచించును. ఈ వృత్తి బూనుమని గాని, ఆ మ్రొక్కు మ్రొక్కుమని గాని వానిని త్రోయరాదు. త్రాసు ముల్లువలె నడుమ నిలిచి, సృష్టికర్తయు సృష్టింపబడినవాడును తమలో దాము వ్యవహరించుకొనుటకు చోటియ్యవలెను. “నీవు బోధకుడవు కావలెనని దేవుడు నాకు చెప్పెను” అని పదునైదేండ్ల బాలునితో జెప్పు పెద్దలు ఈ హెచ్చరికను నిదానముగ నాలోచింతురుగాక. దేవు డా మాట ఆ బాలునితోనే చెప్పలేడా?

ఇక మన తెలుగుదేశపు సంగతి. ఒంగోలు ప్రాంతపు సంఘచరిత్రయందు ఎర్రగుంట్ల పేరయ్యగారి పేరు వన్నెకెక్కినది. ఆయన మాదిగ కులమున జన్మించి తోళ్ల వ్యాపారము చేయుచు, సత్యము దెలియగోరి గురువుల నాశ్రయించి యోగమభ్యసించినవాడు. 1866లో ఆయనయు భార్య నాగమ్మగారును బాప్తిస్మము పొందిరి. మరుసటి యేట జాన్ క్లౌ దొరగారు పేరయ్యగారి గ్రామమగు తలకొండపాడునకు వెళ్లునప్పటికి, అచ్చట వాక్యము వినగోరువారు గుంపుగూడి యెదురుచూచుచుండిరి. వారిని సిద్ధపరచిన దెవరు? వేదపాఠశాల పట్టము గలవాడు కాడు. ఊరూర దిరుగుచు, తనవారి గుడిసెల ముంగిట గూర్చుండి మాటలాడిన యా దంపతులే. పేరయ్యగారు గురువు కాకమునుపు చాలకాలము శిష్యుడుగా నుండెను. వెదకువాని యాకలి యెట్టిదో తానెరుగును. దారి చూపువానికి ఇంతకు మించిన శిక్షణ లేదని మా తలంపు.

ఆ క్షేత్రముననే 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లి యొద్ద ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. 1876 మొదలు 1878 వరకు దేశమును దహించిన కరవులో క్లౌ దొరగారు బకింగుహాము కాలువ త్రవ్వకములో కొంతభాగము గుత్తకు దీసికొని వేలమందికి కూలి కల్పించిరి. కరవు సాగుచుండగా మాత్రము, కూటికొరకు వచ్చువారును విశ్వాసముతో వచ్చువారును ఒక్కటిగ గలిసిపోవుదురను భయముచేత, బాప్తిస్మము కోరిన వారిని సయితము ఆపియుంచిరి. ఒకని యక్కరను పట్టుకొని వాని మనస్సాక్షిని కొనరాదని దీనివలన మనము నేర్వవలెను.

అయితే ఇందొక గడ్డుప్రశ్న కలదు. ఒక్కదినమున 2,222 మందికి బాప్తిస్మ మియ్యవచ్చును. ఒక్కదినమున 2,222 మందికి దారి చూపరాదు. పుట్టుట, చచ్చుట, పెండ్లి, అప్పు, జాతర, యజమాని కోపము, ఇంటిలోని కలహము. వీటి నడుమ క్రైస్తవుడు దినదినమును ఎట్లు నడువవలెనో యొక్కొక్కరి కొక్కొక్కరు చెప్పవలసినదే. ఆ పనిని గ్రామోపదేశకులును, బైబిలు స్త్రీలును మన జిల్లాలలో తరములకొలది చేసిరి. పురుషులు కాలు పెట్టరాని లోగిళ్లలో బైబిలు స్త్రీ అరుగుమీద గూర్చుండి, పిల్లకు పాలిచ్చుచున్న తల్లి చెప్పు కష్టములను వినుచు, వినుచు, నడుమ నొక్క వాక్యము చెప్పెడిది. వారి పేర్లు పెక్కు శిలాఫలకములపై లేవు. మన సంఘములు నిలిచియున్న పునాదిలో మాత్రము వారున్నారు. బాలికలైన మా పాఠకురాండ్రు ఈ విద్య తమది కాదని తలపరాదు.

దోర్నకల్ ప్రథమ బిషప్పగు వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు తిరునెల్వేలి సీమ వారయ్యును తెలుగు నేర్చి తెలుగువారి నడుమ సేవ చేసి 1945లో మరణించిరి. 1910లో ఎడింబరోలో జరిగిన మిషనరీల మహాసభలో, బిషప్పు కాకమునుపే, ఆయన మాటలాడుచు, దూరదేశములనుండి వచ్చినవారి త్యాగములను కొనియాడి, తుదకు వారు స్నేహితులుగ నుండవలెనని కోరిరి. ఆ కోరిక నాటి సభలో ననేకులకు కటువుగ దోచెను. దారి చూపువాడు ఎత్తునుండి చేయి చాచి ధర్మము చేయువాడు కాడు, ప్రక్కన నడచు మిత్రుడని ఆ మాటకు భావము. మిషనరీలకు జెప్పిన యా మాట నేడు మన పాదిరిగార్లకును, ఉపాధ్యాయులకును, వసతిగృహములలోని పెద్దపిల్లలకును వర్తించును.

ఈ విద్యయందలి యపాయములను గూర్చియు నిర్మొగమాటముగ జెప్పవలెను. ఒకని రహస్యము దెలిసినవానికి వానిపై నధికారము కలుగును. ఆ యధికారమును తన గౌరవమునకో, ధనమునకో, అంతకంటె నీచమైన కోరికకో వాడుకొనినవారు అన్ని మతములలోను, అన్ని దేశములలోను గలరు. మన సంఘములు ఇందుకు మినహాయింపు గావు. తన్నడుగనిదే యెచ్చటికిని పోవలదనువాడు, తలిదండ్రులకు చెప్పవలదనువాడు, తన మాటకు లోబడకుండుట దేవునికి లోబడకుండుటయే యనువాడు మార్గదర్శి కాడు, వాడు దారిదోపిడిగాడు. అట్టివానియొద్దనుండి లేచిపోవుట పాపము గాదని మా పిల్లలకు స్పష్టముగ జెప్పుచున్నాము.

రహస్యమును కాచుట మార్గదర్శి ధర్మము. ఐనను ఈ ధర్మమునకు హద్దు కలదు. ఎవడైన తన ప్రాణము తీసికొందునని మనతో జెప్పినను, ఏ బిడ్డకైన కీడు జరుగుచున్నదని మనకు దెలిసినను, అది మనలో దాచుకొనదగిన రహస్యము గాదు. బాలబాలికలపై జరుగు లైంగిక నేరములను గూర్చి 2012లో మన దేశమున జేయబడిన చట్టము ప్రకారము, అట్టి నేరము సంగతి దెలిసినవారు పోలీసువారికి దెలుపుట విధి. దీర్ఘకాలము నిద్రపట్టక, అన్నము సహింపక, బ్రతుకుమీద నాశ విడిచినవానిని ప్రార్థనతో బాటు వైద్యుని యొద్దకును తీసికొనిపోవలెను. లూకా వైద్యుడే గదా. ఆయనను పౌలు ప్రియుడని పిలిచెను. వైద్యుని యొద్దకు పోవుట విశ్వాసలోపమని చెప్పు నజ్ఞానము మన పాఠశాల గోడలలోపలికి రాకూడదు.

నేడు మాటలాడువారికి కొదువ లేదు. చేతిలోని ఫోనులో దినమునకు నూరు ప్రసంగములు వినవచ్చును. వినువారికే కొదువ. ఫోను మన మొగము చూచి, “ఏమి నాయనా, నేడు భోజనశాలకు రాలేదు?” అని యడుగదు. అందువలన ఈ విద్య యవసరము తగ్గలేదు, హెచ్చినది.

అట్లయిన దీని నెట్లు నేర్వవలెను? మాకు దోచిన కొన్ని సాధనములను చెప్పి ముగింతుము. మొదటిది, మీకొక మార్గదర్శిని మీరు వెదకుకొనుడు. తన హృదయము నొక్కని యెదుటనైన విప్పనివాడు ఒరుల హృదయమును విప్ప నెరుగడు. రెండవది, ఎవడైన మీయొద్దకు వచ్చినప్పుడు సలహా చెప్పకమునుపు రెండు ప్రశ్నలైన నడుగుడు. ప్రశ్నించిన పిమ్మట ఊరకుండుడు. ఆ నిశ్శబ్దము మీకు బరువుగా నుండును. వానికి విశ్రాంతిగా నుండును. మూడవది, మీకు దెలియనిదానిని “నాకు తెలియదు” అని చెప్ప నేర్చుకొనుడు. మాకు ఈ రెండు మాటలు నేర్చుకొనుటకు ఇరువది యేండ్లు పట్టెను. నాలుగవది, మీతో జెప్పినదానిని ప్రార్థనకూటములలో ప్రార్థనాంశమను పేరిట బయటపెట్టకుడు. భక్తి ముసుగు వేసికొనినను చాడి చాడియే. అయిదవది, వానికొరకు ఏకాంతముగ, పేరుపెట్టి, ప్రతిదినమును ప్రార్థింపుడు. ఆరవది, వానికి కాళ్లు వచ్చిన పిమ్మట చేయి విడువుడు. ఫిలిప్పు ఐతియొపీయుడైన నపుంసకుని రథమెక్కి, వాని ప్రశ్నకుత్తరమిచ్చి, నీటియొద్ద బాప్తిస్మమిచ్చి, అంతలో గానరాకపోయెను. అతడు ఫిలిప్పుకొరకు వెదకుచు గూర్చుండలేదు, సంతోషించుచు తన త్రోవను బోయెను.

పడినవానిని విడిచిపెట్టకుండుటయు నీ విద్యలో భాగమే. పంఫూలియలో సేవ విడిచిపోయిన మార్కును పౌలు తిరిగి వెంటబెట్టుకొన నొల్లనప్పుడు, బర్నబా వానిని చేరదీసి కుప్రకు తీసికొనిపోయెను. ఏండ్లు గడచిన పిమ్మట అదే పౌలు చెరసాలనుండి వ్రాయుచు, మార్కు తనకు ప్రయోజనకరుడని, వానిని తోడుకొని రమ్మని తిమోతికి వార్త పంపెను. నడుమ బర్నబా మార్కుతో నేమి మాటలాడెనో బైబిలు చెప్పలేదు. మంచి మార్గదర్శుల మాటలు సాధారణముగా నెవరును వ్రాసికొనరు. వారిచేత నిలువబడిన మనుష్యులే వారి గ్రంథములు.

ఈ యేడు మన పాఠశాలను విడిచి వెళ్లు విద్యార్థులారా, మీలో గొందరు పాదిరులగుదురేమో, గొందరు ఉపాధ్యాయులగుదురు, పెక్కండ్రు పొలములలోను, కచేరీలలోను, ఆసుపత్రులలోను, దూరదేశములలోను పని చేయుదురు. ఎచ్చట నున్నను ఒకనాడు ఎవడో యొకడు మీ గుమ్మమున నిలిచి ఒక్క వాక్యము పలుకును. అప్పుడు మీ చేతిలో దిద్దవలసిన పత్రములు తప్పక యుండును. కలము క్రింద పెట్టుడు. వానిని లోనికి బిలిచి కూర్చుండబెట్టుడు. మేము చేయలేకపోయిన ఆ చిన్నపని మీరు చేయుదురేని, మే మీ పాఠశాలలో మీకు నేర్పిన చదువు వ్యర్థము గాలేదని సంతోషింతుము. మంచి కాపరి మీ యందరికిని ముందు నడచునుగాక.